నోయ్‌వీడ్ వడ్రంగులు

మన తాతముత్తాతల యిండ్లలో భోషాణములు ఉండెడివి. పైకి చూచినచో అది ఒక పెద్ద చెక్కపెట్టె మాత్రమే. మూత యెత్తి, లోపలి పలకను కొంచెము ప్రక్కకు జరిపి, అడుగున ఉన్న ఒక బద్దను వ్రేలితో నొక్కినచో చిన్న అర యొకటి బయల్పడును. దస్తావేజులు, నగలు అందులో ఉండును. ఆ బద్ద ఎక్కడ ఉన్నదో ఇంటి యజమానికి తెలియును, దానిని చేసిన వడ్రంగికి తెలియును, మూడవవానికి తెలియదు. చిన్నతనమున అట్టి పెట్టెను తెరచుచుండగా ప్రక్కన నిలిచి చూచిన శ్రోతలు కొందరైనను ఉందురు.

జర్మనీ దేశమున రైన్ నది ఒడ్డున గల ఒక చిన్న పట్టణములో, 18వ శతాబ్దమున, తండ్రీకొడుకులైన ఇద్దరు వడ్రంగులు ఈ చిన్ననాటి ఆశ్చర్యమునే వర్తకముగా మార్చిరి. తండ్రి పేరు అబ్రహాం రాంట్‌గెన్. కొడుకు పేరు డేవిడ్ రాంట్‌గెన్. ఎక్స్ కిరణములను కనిపెట్టిన విల్‌హెల్మ్ రాంట్‌గెన్ పేరు వినియున్న శ్రోతలు తికమకపడవలదు. ఆయన తరువాతి శతాబ్దమువాడు, శాస్త్రజ్ఞుడు. మనము చెప్పుకొనుచున్నవారు ఉలి, చిత్రిక పట్టినవారు. వారు చేసిన బల్లలను, బీరువాలను ఫ్రాన్సు రాజు, రష్యా రాణి, ప్రష్యా యువరాజు కొనిరి. అయినను వారు ఆ పట్టణమున పుట్టినవారు కారు. ఉన్నచోట ఉండనీయక వెళ్ళగొట్టగా వచ్చి చేరినవారు. వచ్చినవారిని ఆ పట్టణము ఎట్లు చేర్చుకొనెనో, అందువలన ఆ పనికి ఏమి కలిసివచ్చెనో ఈ ప్రసంగములో చెప్పదలచితిని.

ముందుగా పట్టణము సంగతి. కోబ్లెంజ్ నగరమునకు కొంత దిగువగా, రైన్ నది కుడిగట్టున నోయ్‌వీడ్ ఉన్నది. నోయ్‌వీడ్ అనగా క్రొత్త వీడ్ అని అర్థము. 1618 నుండి 1648 వరకు జరిగిన ముప్పదియేండ్ల యుద్ధములో ఆ ప్రాంతమంతయు పాడుపడెను. నది ఒడ్డున అంతకుముందు ఉన్న లాంగెండార్ఫ్ అను పల్లె నాశనమైపోయెను. ఆ పాడుదిబ్బ మీదనే వీడ్ సంస్థానపు ప్రభువైన మూడవ ఫ్రీడ్రిష్ 1653లో ఒక క్రొత్త పట్టణమునకు అనుమతి పొందెను. పట్టణమైతే వెలసెను గాని అందులో నివసించుటకు జనము కావలెను గదా! అందుచేత 1662లో ఆయన తన పట్టణవాసులకు కొన్ని హక్కులను ప్రకటించెను. వానిలో ముఖ్యమైనది మతస్వాతంత్ర్యము. ఒక ప్రభువు ఏ మతమువాడైతే ప్రజలందరు ఆ మతమువారే కావలెనని శాసించుచున్న కాలమది. అట్టి కాలమున నోయ్‌వీడ్‌లో కాల్విను మతస్థులు, లూథరు మతస్థులు, కథోలికులు, మెన్నొనైటులు, యూదులు, మరికొన్ని చిన్న శాఖలవారు ప్రక్కప్రక్క వీధులలో కాపురముండిరి. ప్రభువు ఉదారుడా, లేక లెక్క తెలిసినవాడా అని యడిగినచో, రెండును అనవలసియుండును. వచ్చినవాడు ఏ గుడికి పోవునో అడుగకున్న పక్షమున, వాడు నేతగాడో కమ్మరియో అయియుండును, పన్నులు కట్టును, పట్టణము పెరుగును.

అబ్రహాం రాంట్‌గెన్ 1711లో కొలోన్ నగరమున కెదురుగా ఉన్న ముల్‌హైములో జన్మించెను. తండ్రి వద్ద పని నేర్చుకొని, నాటి వాడుక ప్రకారము దేశాటనము చేయుచు హాలెండుకు, అచటినుండి లండనుకు పోయెను. లండను అప్పటికి మంచి బల్లలకు, కుర్చీలకు పేరుపడిన నగరము. అచట ఆయన సన్నని పొదుగుపనియు, మహాగని కర్రపనియు నేర్చెను. తరువాత చాలకాలము వరకు తమ్ము ఇంగ్లీషు పద్ధతి పనివారమని చెప్పుకొనుట ఆ కుటుంబమునకు ఒక వర్తకపు మర్యాదగా ఉండెను.

లండనులోనే ఆయనకు మొరేవియను సోదర సమాజముతో పరిచయము కలిగెను. సాక్సనీలోని హెర్న్‌హూట్ గ్రామము ఆ సమాజమునకు కేంద్రము. జిన్‌జెండార్ఫ్ ప్రభువు దాని పోషకుడు. వారు నిరాడంబరముగా జీవించుచు, సమష్టిగా పనిచేయుచు, దూరదేశములకు పోయి మతబోధ చేయువారు. అబ్రహాం అందులో చేరెను. ఒకసారి అమెరికాలోని కరొలైనాకు పోవుటకు నౌక ఎక్కెను గాని, సముద్రమున ఆపదలపాలై ఐర్లండు తీరమునకు చేరి, తిరిగి రావలసివచ్చెనని చెప్పుదురు. ఆ నౌక సక్రమముగా పోయియుండినచో ఈ ప్రసంగమునకు అవకాశమే లేకపోయెడిది.

1742లో ఆయన సమాజమువారి క్రొత్త పల్లెయైన హెర్న్‌హాగ్‌లో పనిశాల పెట్టెను. మరుసటి యేడు అచటనే డేవిడ్ పుట్టెను. పల్లె బాగుగ పెరుగుచుండెను. ఇంతలో అచటి ప్రభుత్వము మారెను. క్రొత్త ప్రభువు పల్లెవారిని జిన్‌జెండార్ఫుతో సంబంధము వదలుకొని తనకు విధేయులుగా ప్రమాణము చేయవలెనని ఆజ్ఞాపించెను. వారు అంగీకరింపలేదు. 1750 మొదలుకొని ఇండ్లు, పొలములు, క్రొత్తగా కట్టుకొన్న మందిరములు విడిచి, పల్లెకు పల్లెయే తరలిపోయెను. వారిలో కొందరు నోయ్‌వీడ్ చేరిరి. అచటి ప్రభువు వారికి పట్టణమున ఒక భాగమును కేటాయించెను. ఆ వీధులను నేటికిని హెర్న్‌హూట్‌వారి పేట అని పిలుచుచున్నారు. అబ్రహాం భార్యాబిడ్డలతో, పనిముట్లతో అచట దిగినప్పుడు డేవిడ్ వయస్సు ఏడేండ్లు.

ఇక అసలు విషయము. ఒక వడ్రంగి పనిశాలకు మతస్వాతంత్ర్యముతో ఏమి సంబంధమని శ్రోతలు అడుగవచ్చును. చాల సంబంధమున్నది.

మన ప్రాచీన శాసనములలో శ్రేణులు కనిపించును. ఐరోపా నగరములలో కూడ అట్టి వృత్తిసంఘములు ఉండెడివి. వడ్రంగి కర్రపనియే చేయవలెను. తాళము చేసి బిగించుట తాళములు చేయువాని హక్కు. ఇత్తడి పోతపోయుట కంచరివాని హక్కు. బంగారు పూత వేయుట ఇంకొకని హక్కు. ఒక యజమాని ఎందరు పనివారిని పెట్టుకొనవలెనో, ఎందరు శిష్యులను చేర్చుకొనవలెనో సంఘమే నిర్ణయించును. పొరుగూరివాడు వచ్చి దుకాణము తెరచుట దుర్లభము. ఈ నియమములు బొత్తిగా అర్థములేనివి యనరాదు. నాసిరకము సరకును అరికట్టినవి, బీద పనివాని కూడు పోకుండ కాపాడినవి ఆ నియమములే. కాని నాలుగు వృత్తులు కలిసినగాని తయారుకాని వస్తువు ఒకటి చేయవలెనన్నచో అవియే అడ్డుగోడలగును. రాంట్‌గెన్‌లు చేయదలచినది సరిగా అట్టి వస్తువే. నోయ్‌వీడ్ ప్రభువు వారికి ఈ సంఘపు కట్టుబాట్లనుండి మినహాయింపు ఇచ్చెను. ఒకే కప్పు క్రింద వడ్రంగి, పొదుగుపనివాడు, తాళములవాడు, లోహపుపనివాడు కూర్చుండి పనిచేయ వీలుకలిగెను.

అబ్రహాం పనిని ముందుగా ఆదరించినవాడు ట్రియర్ ఆర్చిబిషప్పుగా ఉండిన యోహాన్ ఫిలిప్ వాల్డర్‌డార్ఫ్. కథోలిక మతగురువు ఒకడు, తన మతమునకు చేరని సమాజపు వడ్రంగిచేత దంతము, ముత్యపుచిప్ప, ఇత్తడి పొదిగిన వ్రాతబల్లను చేయించుకొనెను. ఆ బల్ల నేడు ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియమున ఉన్నది. బయట ఒంపుసొంపులు, లోపల ఎన్నియో రహస్యపు అరలు. మంచి పని యొక్కటే కాదు, తెలియరాని పని కూడ అమ్ముడుపోవునని అబ్రహాం గ్రహించెను.

అయితే 1756లో మొదలైన ఏడేండ్ల యుద్ధము వర్తకమును దెబ్బతీసెను. 1768లో ఆర్చిబిషప్పు మరణించెను. ఖరీదైన సరకు పనిశాలలో పేరుకొనెను, అప్పులు పెరిగెను. ఇట్టి సమయమున యువకుడైన డేవిడ్ ఒక సాహసము చేసెను. మిగిలిన సరకును హాంబర్గ్ నగరమునకు చేర్చి, 1769లో లాటరీ నడిపెను. చీటీ కొన్నవారికి అదృష్టమున్నచో బల్లయో బీరువాయో వచ్చును. పని నెరవేరెను, పనిశాల నిలిచెను. కాని లాటరీ జూదమే గదా! సమాజపు పెద్దలకు ఇది ఎంతమాత్రము నచ్చలేదు. నిరాడంబరముగా బ్రతుకవలెనని ప్రతిజ్ఞ పట్టిన సమాజములో రాజులకు విలాసవస్తువులు చేసి బ్రతుకుట యెట్లు? ఈ ప్రశ్న ఆ కుటుంబమును కడవరకు వెన్నాడెను. పెద్దలను పూర్తిగా తప్పుపట్టుటకు నాకు మనసొప్పదు. పనిశాలను మూసికొని పనివారి జీతములు ఎగవేయుమని డేవిడ్‌తో చెప్పుటకును నోరాడదు.

1772లో డేవిడ్ పనిశాల బాధ్యత వహించెను. అక్కడినుండి దాని స్వరూపమే మారెను.

ఆయన పొదుగుపనిని గూర్చి కొంత వివరింపవలెను. గట్టి కర్రతో చేసిన పెట్టెమీద, వేరువేరు రంగుల కర్రలను కాగితమువలె పలుచని పొరలుగా కోసి, చిత్రరూపమున కత్తిరించి, జిగురుతో అతికించుట సాధారణ పద్ధతి. చిత్రములో వెలుగునీడలు కావలసినచో ఆ ముక్కలను కాలిన యిసుకలో ముంచి అంచులు మాడ్చెడివారు. లేదా పైన గీతలు చెక్కి నలుపు నింపెడివారు. డేవిడ్ పనిశాలలో అట్లు చేయక, ప్రతి నీడకును ఆ ఛాయగల కర్రముక్కనే ఏరి కూర్చిరి. ఒక పూరేకులోనే అనేక సన్నని ముక్కలు ఉండును. ఛాయ కర్రలోనే ఉన్నది గనుక పైపై గీతవలె అరిగిపోదు. ఈ చిత్రములకు యానువారియుస్ జిక్ అను చిత్రకారుడు నమూనాలు గీసి యిచ్చెను. ఒక మాట మాత్రము చెప్పవలెను: ఈనాడు మ్యూజియములలో మనకు కనబడు లేత గోధుమరంగు ఆ బల్లల అసలు రంగు కాదు. రంగులద్దిన కర్రలు రెండు శతాబ్దముల వెలుతురుకు వెలిసిపోయినవి. చేసిన దినములలో ఆ పూలు ఆకుపచ్చగను, ఎఱ్ఱగను మెరయుచుండెను.

రెండవ విశేషము యంత్రరచన. ఇందులో డేవిడ్‌కు తోడైనవాడు పీటర్ కింజింగ్ అను గడియారముల పనివాడు. ఆయనది మెన్నొనైటు కుటుంబము. అనగా నోయ్‌వీడ్ ఆశ్రయమిచ్చిన మరియొక శాఖవారు. వీరిద్దరు కలిసి చేసిన వ్రాతబల్లకు ఒకే తాళపుచెవి. దానిని ఒక స్థానమువరకు త్రిప్పినచో నడిమి సొరుగు వెలికివచ్చును. మరికొంత త్రిప్పినచో ప్రక్క అరలు విచ్చుకొనును. చేయి తగులకుండ తలుపులు తెరచుకొనుట చూచినవారికి మంత్రమువలె తోచును. లోపలనున్నవి స్ప్రింగులు, బరువులు, త్రాళ్ళు, కొక్కెములు. అంతకుమించి ఏమియు లేదు. కొక్కెము విడివడినంతనే నొక్కియుంచిన స్ప్రింగు సొరుగును ముందునకు త్రోయును. కర్ర ఋతువును బట్టి పొంగును, కుదించుకొనును. వెంట్రుకవాసి బిగుసుకొన్నను సొరుగు కదలదు. కాబట్టి యంత్రముకన్న ఆ సొరుగుల అమరికలోనే అసలు నేర్పున్నది. జర్మను మహాకవి గెటే తన నవలలో ఒక మాయాభవనమును వర్ణించుచు రాంట్‌గెన్ బల్లను పోలికగా తెచ్చెననిన ఆ బల్ల ఎంత ప్రసిద్ధి చెందెనో ఊహింపవచ్చును.

మూడవది, అంతగా మెరయనిది, నా దృష్టిలో అన్నిటికన్న ముఖ్యమైనది. మన యిండ్లకు వడ్రంగి తానే వచ్చి, వసారాలో కూర్చుండి, మంచమో బీరువాయో చేసిపోవు వాడుక ఉన్నది. అట్టి సరకు ఇల్లు కదలనక్కర లేదు. నోయ్‌వీడ్ చిన్నపట్టణము, కొనగలవారు వందలాది మైళ్ళ దూరమున ఉన్నారు. కావున ఆ బల్లల కాళ్ళను మరలతో బిగించి, ఊడదీయుటకు వీలుగా చేసిరి. పెద్ద బీరువాలు కూడ భాగములుగా విడిపోవును. పెట్టెలలో సర్ది, పంపి, చేరినచోట మరల కూర్చెడివారు. పట్టణము ముందరనే రైన్ నది. దానివెంట దిగువకు పోయినచో హాలెండు రేవులు, ఆవల సముద్రము. నది లేనిదే ఈ వర్తకము లేదు. ఆ నదియే అప్పుడప్పుడు వరదలతో పట్టణమును ముంచెడిది; 1928 నుండి 1931 వరకు పెద్ద కరకట్ట కట్టినతరువాత గాని నోయ్‌వీడ్ నిశ్చింతగా నిద్రింపలేదు.

డేవిడ్ కొనువారికొరకు ఎదురుచూచువాడు కాడు. సరకు వెంటబెట్టుకొని రాజధానులకు తానే పోవువాడు. 1774లో పారిసు చూచివచ్చెను. 1779లో మరల పోయి, 16వ లూయీ రాజునకు ఒక మహత్తరమైన బీరువాను అమ్మెను. అట్టిదానినే ప్రష్యా యువరాజైన ఫ్రీడ్రిష్ విల్‌హెల్మ్ కొనెను. మూడు మీటర్లకు మించిన ఎత్తు, సంగీతము వాయించు గడియారము, లెక్కకు మిక్కిలి అరలు గల ఆ బీరువా నేడు బెర్లినులోని అలంకార కళల మ్యూజియమున ఉన్నది. నోయ్‌వీడ్‌లో తప్పించుకొన్న వృత్తిసంఘము పారిసులో ఎదురుపడెను. అచట స్వేచ్ఛగా అమ్ముకొనుటకు డేవిడ్ 1780లో ఆ సంఘమున చేరవలసి వచ్చెను. కింజింగుతో కలిసి చేసిన తంత్రీవాద్యము వాయించు బొమ్మను మరీ ఆంట్వానెట్ రాణి కొని శాస్త్ర పరిషత్తునకు ఇచ్చెను. ఆ బొమ్మ చిన్న సుత్తులతో నిజముగా తంత్రులను మీటుచు ఎనిమిది పాటలు వాయించును. అదియు పారిసు మ్యూజియమున భద్రముగా ఉన్నది.

1784 నాటికి ఆయన చూపు రష్యామీద పడెను. రాణి రెండవ కాథరీనుకు ఆప్తుడైన గ్రిమ్ ఆమెకు సిఫారసు చేసెను. అపోలో దేవుని విగ్రహముతో కూడిన పెద్ద వ్రాతబల్లను, ఎవరును ఆజ్ఞాపింపకుండగనే తయారుచేసి, సెయింట్ పీటర్స్‌బర్గ్‌కు తీసికొనిపోయెను. ఆయన అడిగిన వెలకంటె రాణి అయిదువేల రూబుళ్ళు ఎక్కువ యిచ్చెనని చెప్పుదురు. తరువాత కొన్ని సంవత్సరములపాటు నోయ్‌వీడ్ నుండి రష్యాకు సరకు పోవుచునే ఉండెను. ఆనాటి అభిరుచియు మారినది. పూలు, పక్షులు, బొమ్మలు తగ్గి, నునుపుగా మెరుగుపెట్టిన మహాగని, దానిపై బంగారు పూసిన కంచు అలంకారములు వచ్చినవి. ఆ కంచుపనిలో కొంత పారిసులోని ఫ్రాన్స్వా రెమాండ్ చేసి పంపెను.

ఇంత గొప్ప వర్తకమునకు ఒక లోపము గలదు. దాని భారమంతయు కొనగల కొద్దిమంది ప్రభువులమీదనే నిలిచియుండెను. 1789లో ఫ్రాన్సులో విప్లవము బయలుదేరెను. పారిసులో డేవిడ్‌కు ఉన్న సరకును విప్లవ ప్రభుత్వము స్వాధీనము చేసికొనెను. 1793లో లూయీ రాజు, మరీ ఆంట్వానెట్ రాణి వధింపబడిరి. కాథరీను రాణికి కొత్త బల్లల మోజు తీరెను; 1796లో ఆమెయు గతించెను. 1794లో విప్లవ సైన్యములు రైన్ నదిని చేరెను. ఏ నది సరకును మోసెనో ఆ నదియే ఇప్పుడు సరిహద్దు, యుద్ధరంగము. మిగిలిన సరకును డేవిడ్ తూర్పుననున్న ఊళ్ళకు తరలించెను. పనిశాల మూతపడెను, పనివారు చెదరిపోయిరి. అబ్రహాం ఈ పతనము పూర్తిగా చూడలేదు. ఆయన 1785లోనే హెర్న్‌హూట్‌కు పోయి, శాంతముగా జీవించి, 1793లో మరణించెను. డేవిడ్ 1807లో వీస్‌బాడెన్ పట్టణమున కన్నుమూసెను.

లూయీ రాజు కొన్న ఆ పెద్ద బీరువా నేడు లేదు. తరువాతి శతాబ్దమున దానిని ఊడదీసి భాగములుగా అమ్మివేసిరి. ఊడదీయుటకు వీలుగా చేసిన వస్తువునకు ఇట్టి గతియు పట్టును గాబోలు! మిగిలినవానిని 2012లో న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియమువారు ఒకచోట చేర్చి ప్రదర్శించినప్పుడు, తాళపుచెవి త్రిప్పగా సొరుగులు తెరచుకొనుట చూచి జనులు మునుపటివలెనే విస్తుపోయిరి.

పనిశాల మూతపడినను పని చావలేదు. అచట పనిచేసినవారిలో డేవిడ్ హాకర్ బెర్లినులోను, క్రిస్టియన్ మేయర్ సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోను స్థిరపడిరి. హైన్రిష్ గాంబ్స్ అను మరియొక శిష్యుడు నేవా నది ఒడ్డున పెరుగుచున్న ఆ రష్యా రాజధానికే పోయి, పరదేశిగా ఒక చిన్న దుకాణముతో ప్రారంభించి, జారు చక్రవర్తుల మేడలకు కుర్చీలు చేయు సంస్థను స్థాపించెను. ఆయన కుమారులు దానిని ఇంకను పెంచిరి. రష్యాలో గాంబ్స్ కుర్చీ అనునది ఇంటింట తెలిసిన మాట అయ్యెను. 1928లో ఇల్ఫ్, పెత్రోవ్ అను జంట రచయితలు ప్రకటించిన 'పన్నెండు కుర్చీలు' అను హాస్యనవలను చదివిన శ్రోతలకు ఆ పేరు తెలిసియే యుండును. విప్లవకాలమున ఒక వృద్ధురాలు తన వజ్రములను గాంబ్స్ చేసిన పన్నెండు కుర్చీలలో ఒకదాని మెత్తలో దాచిపెట్టును. అది ఏ కుర్చీయో తెలియక ఆమె అల్లుడు దేశమంతయు తిరుగును.